తల్లికొమ్మకు అందని నీరు

ఆ హోటలు ముందు హాల్లో గోడకు గోడంత ఉన్న గాజు ట్యాంకును చూసి ఆగని మనిషి లేడు. పెట్టెలు లాక్కుంటూ వచ్చినవాళ్లు పెట్టెల సంగతి మరిచి నిలబడేవారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించేవారు. అందులో చేపలున్న మాట నిజమే గాని, జనం నోరు తెరుచుకుని చూసేది చేపల్ని కాదు, పగడాల్ని. ఊదారంగువి, పసుపువి, లేతాకుపచ్చవి, అన్నీ గాలికి ఊగే పైరులా నీళ్లలో ఊగుతూ ఉండేవి. వాటిని పెంచి పెద్దచేసిన మనిషి సుడులమ్మ.

అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, హోటలు పనివాళ్లు పెట్టింది. ఏ మాట మొదలుపెట్టినా ఆవిడ చివరికి నీళ్ల సుడుల దగ్గరికే వచ్చి ఆగేది. "టీ ఎలా ఉందమ్మా?" అని వంటాయన అడిగితే, "బాగానే ఉంది గాని చెంచా ఒకే వైపు తిప్పావు నాయనా, పంచదారంతా నడిమధ్యన కుప్పపడింది" అనే రకం.

ఆమె సాధించినవి చెప్పాలంటే గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. చదువు పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆగింది. భర్త పోయాక, ఆయన నడిపిన మోటార్ల షెడ్డుకు తాళం వేసెయ్యమని అయినవాళ్లందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఆ తాళంచెవిని కొంగున ముడేసుకుని వెళ్లి షెడ్డు తలుపులు బార్లా తెరిచింది. కాలిపోయిన మోటారుకు తీగ చుట్టడంలో ఆ బజారులో ఆమెకు సాటి లేరు. ఆడమనిషి చుట్టిన మోటారు తిరుగుతుందా అని నవ్వినవాళ్లే, మోటార్లు భుజాన వేసుకుని ఆమె గడప ముందు వరస కట్టారు. తల్లి పోయేనాటికి ఇంకా మాటలైనా సరిగా రాని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. చదివించింది, పని నేర్పింది, దగ్గరుండి పెళ్లి చేసింది. ఇవన్నీ ఆమె ఎదురైన ప్రతివాళ్లకూ చెప్పేది. చెప్పుకోదగ్గవి కాబట్టి చెప్పేది. అందులో తప్పేముంది?

ఆ హోటలుకు ఆమె మొదటిసారి వెళ్లింది పగడాల కోసం కాదు. ట్యాంకులో పంపు గురక పెడుతోందని కబురొస్తే బాగుచెయ్యడానికి వెళ్లింది. బాగుచేసి, చేతులు తుడుచుకుంటూ ఒకసారి అద్దంలోకి చూసింది. పగడాలు ఒక పక్కన సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి, ఇంకో పక్కన మడ్డి కప్పుకుని ఉన్నాయి.

"అయ్యా, వీటికి కాళ్లున్నాయా?" అని అడిగింది మేనేజరును.

"పగడాలకు కాళ్లేమిటమ్మా!"

"లేవు కదా. మరి తిండి కోసం ఎక్కడికి పోతాయి? నీళ్లే మోసుకొచ్చి నోటికందించాలి. ఒంటి మీది జిగురు కడగాలన్నా నీళ్లే, ఊపిరి తేవాలన్నా నీళ్లే. మీ పంపేమో ఒక వైపు నుంచి మొహం పగిలేలా కొడుతోంది. అవతలి వైపుకు చుక్క పోవడం లేదు. ముద్ద మొహాన విసిరికొడితే మీరు తింటారా?"

మేనేజరు నవ్వాడు. "మీరే తినిపించండమ్మా అయితే" అన్నాడు.

ఆమె పంపు మూతిని అద్దం వైపు తిప్పింది. ధార అద్దానికి తగిలి విరిగి, సుడులు సుడులుగా రాళ్ల సందుల్లోకి పోయింది. ఎదురుగా ఇంకో పంపు పెట్టింది. కాసేపు ఇది, కాసేపు అది. సముద్రంలో అల వచ్చి వెనక్కి పోయినట్టు నీళ్లు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి. నోళ్లు మూసుకున్న పగడాలు మెల్లగా తెరుచుకున్నాయి. ఆ తర్వాత ట్యాంకు పని ఆమెకే అప్పగించారు.

ఏ పగడానికి ఎంత నీరు కావాలో ఆమె చూసి చూసి నేర్చుకుంది. మెత్తటి కండతో ఉబ్బి ఉండేవాటిని బుగ్గ పగడాలు అనేది. వాటిని కింద, నీటి ఊపు తక్కువగా ఉన్న మూలన కూర్చోబెట్టింది. గట్టి కొమ్మలేసే వాటిని పైన, నీళ్లు ఎడాపెడా తగిలేచోట నిలబెట్టింది. ఆ పైవాటిలో పెద్దది తల్లికొమ్మ. అంతకుముందు ట్యాంకు పని చూసుకున్నవాళ్లు చెత్తబకెట్లో ఊడ్చి పారేసిన గోరంత ముక్క అది. ఆమె ఏరుకుని రాతికి అంటించింది. అది పెరిగి చేటంత అయింది. దాని నుంచి తుంచిన ముక్కలు ఎన్నెన్ని ట్యాంకుల్లో పిల్లాపాపలతో బతుకుతున్నాయో లెక్కలేదు. సుడులమ్మ చేసిన పనులన్నిటిలోకీ ఆమె గుండెకు దగ్గరిది ఆ కొమ్మ.

తమ్ముడు మొదటినుంచీ ఆమెతోనే ఉన్నాడు. చేపలు, ఉప్పు, హోటలువాళ్లతో మాటలు అతని వంతు. నీళ్లు ఆమె వంతు. పొద్దున్నే అతిథులు కిందికి దిగకముందే వచ్చి, జాకెట్టు చేతులు పైకి మడిచి, భుజం దాకా చెయ్యి ముంచి, ఒక్కో రాయి వెనకా అరచెయ్యి పెట్టి నీటి తోపు చూసేది. ఎక్కడ నీరు నిద్రపోతోందో ఆ చేతికి తెలిసేది. పంపు మూతి కాస్త అటో ఇటో జరిపి వెళ్లిపోయేది. మధ్యాహ్నాలు మోటార్ల షెడ్డు. తర్వాత షెడ్డు మూసేసినా, పొద్దున్నే ట్యాంకు దగ్గరికి వచ్చి వెళ్లిపోయే ఆ వేళ మారలేదు.

అలా ఉండగా తమ్ముడు కొత్త పంపులు తెచ్చాడు. ఫోనులో వేలితో నడిపేవి.

"ఇంక నువ్వు చేతులు నానబెట్టుకోనక్కర్లేదక్కా. కీళ్లు లాగుతున్నాయంటున్నావుగా" అన్నాడు.

ఆమె పొంగిపోయింది. హోటల్లో ఊడ్చే ఆవిణ్ణి పట్టుకుని, "చూశావా, మా తమ్ముడు! నా చేతులు నొప్పెడతాయని ఫోనుతో సముద్రం తిప్పుతున్నాడు" అంది. ఆ కబురు కూడా ఆమె చెప్పుకునే గొప్పల వరసలో చేరింది. పాత పంపులన్నీ తుక్కని తమ్ముడు మూటగట్టి పట్టుకుపోయాడు. ట్యాంకులో పోయడానికి ఇంటి దగ్గర ఉప్పునీళ్లు కలిపే చిన్న పంపుతో సహా.

తర్వాత కొంతకాలానికి తల్లికొమ్మ రంగు తగ్గింది. మొదట వెలిసిన గుడ్డలా అయింది. ఆ తర్వాత కొమ్మ మొదలు దగ్గర చర్మం వీడి తెల్లటి ఎముక బయటపడింది. సుడులమ్మ ఉప్పు చూసింది, వేడి చూసింది, దీపాలు చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నీళ్లా? చెయ్యి ముంచడం తగ్గింది గాని, ఆమె నిలబడి చూసినప్పుడల్లా బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి.

"వయసక్కా. మనకే కాదు, వాటికీ వస్తుంది" అన్నాడు తమ్ముడు.

"పగడానికి వయసేమిట్రా? నీళ్లు బాగుంటే మనవల మనవల్ని చూస్తుంది."

"పోనీ నువ్వు సరిగా చూస్తున్నావా? మొన్న నన్నే గుర్తుపట్టలేదు, ఎవరో అతిథి అనుకున్నావు."

ఆ మాట పట్టుకుని ఆమెను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. దగ్గరుండి కళ్లజోడు ఏరాడు. "నీ మొహానికి ఇదే నప్పుతుంది" అన్నాడు. ఆమె నమ్మింది. తప్పు నీళ్లలో లేదు, తనలోనే ఉందనుకుంది. ఇన్నేళ్లు గర్వపడిన ఆ చెయ్యి మొద్దుబారిందేమోనని ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అరచెయ్యి తిప్పి చూసుకునేది. ఒకసారి తమ్ముడి దగ్గర ఆ మాటే చెప్పుకుని ఏడిస్తే, "చేతికీ వయసొస్తుందక్కా" అన్నాడతను టీ తాగుతూ. ఆ రోజుల్లో ఆమె తన గొప్పలు చెప్పుకోవడం మానేసింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? మోటార్ల కథ చెప్పి చాలా రోజులైంది" అంది ఊడ్చే ఆవిడ.

"విన్నదే కదమ్మా" అని ఊరుకుంది సుడులమ్మ.

ఒకనాడు పొద్దున అద్దానికి మొహం ఆనించి చూస్తుంటే, కళ్లజోడు పుణ్యమా అని తల్లికొమ్మ చివుళ్లు స్పష్టంగా కనిపించాయి. పాత కొమ్మలు అల్లం కొమ్ముల్లా పొట్టిగా, బలంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. కొత్తగా వచ్చిన చివుళ్లు మాత్రం సన్నగా, పొడుగ్గా, ఎడంఎడంగా సాగి ఉన్నాయి. నీటి దెబ్బలు తింటూ పెరిగే కొమ్మ లావెక్కుతుంది. నిలవనీటిలో పెరిగేదే ఇలా పీలగా సాగుతుంది. ఆ ట్యాంకులో ఆమె అలాంటి చివురును ఎన్నడూ చూడలేదు.

ఎదురుగా నీళ్లు గలగలా తిరుగుతూనే ఉన్నాయి. నీళ్లు ఒకటి చెబుతున్నాయి, కొమ్మ ఇంకొకటి చెబుతోంది. కొమ్మకు అబద్ధమాడే అవసరం ఏముంది? నేను చూసే నీళ్లు వేరు, ఇది తాగే నీళ్లు వేరు అనుకుంది.

ఇంటికి వెళ్లింది గాని తిండి సయించలేదు. ఎన్నడూ లేనిది, మధ్యాహ్నం మళ్లీ హోటలుకు వచ్చింది.

హాలు దాటకముందే తెలిసిపోయింది. ట్యాంకు పైనీరు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంది. చేపలకు వేసిన మేత రేకు ఒకటి నూతిలో రాయిలా నిలువునా కిందికి దిగి బుగ్గ పగడం మీద పడి అక్కడే ఉండిపోయింది. తల్లికొమ్మ చిన్నచిన్న నోళ్ల చుట్టూ ఉండే సన్నటి నూగు ఊగడం లేదు. చెమటకు అంటుకున్న వెంట్రుకల్లా కొమ్మకు అతుక్కుపోయి ఉంది.

"ఈ వేళప్పుడు వచ్చారేంటమ్మా?" అంది ఊడ్చే ఆవిడ.

"ఇవెప్పుడు ఆగిపోయాయి?"

"ఆగిపోవడమేంటి? రోజూ మీరు వెళ్లగానే సద్దుమణుగుతాయిగా. అతిథులకు చప్పుడు ఇబ్బందని మీ తమ్ముడుగారే తగ్గిస్తారంట. మీకు తెలీదా?"

సుడులమ్మ సోఫాలో కూలబడింది. అతిథుల సోఫాలో ఆమె కూర్చోవడం అదే మొదలు. కాసేపటికి తమ్ముడు వచ్చాడు. వెనకాల ఒక కూలీ పెద్ద అట్టపెట్టె మోసుకొస్తున్నాడు. పెట్టె మూత పూర్తిగా మూతపడలేదు. అందులోంచి ఎర్రటి ప్లాస్టిక్కు పగడం ఒకటి తల బయటపెట్టింది.

అక్కను చూసి అతను ఉన్నచోటే నిలబడిపోయాడు. "అక్కా, నువ్వా... ఇప్పుడు..."

"పొద్దున్నే వచ్చి పోయేదాన్ని, ఇవాళ వేళ తప్పి మళ్లీ వచ్చాను. ఏమిట్రా అది?"

తమ్ముడు కూలీని పెట్టె దింపి పొమ్మన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మేనేజరు ఎప్పటినుంచో అంటున్నాడక్కా, ఇవి తీసేసి ప్లాస్టిక్కువి పెడదామని. కడిగి పెట్టుకోవచ్చు, చావవు. సరేనన్నాను. నీకు చెబితే ఒప్పుకుంటావా? రచ్చ చేసేదానివి. వాటంతటవే పోతే నాలుగు కన్నీళ్లు కార్చి ఊరుకుంటావు, నీకూ విశ్రాంతిగా ఉంటుంది అనుకున్నాను."

"అందుకని నీళ్లు కట్టేశావా? నేనున్నంతసేపు తిప్పి, నా వీపు కనపడగానే కట్టేశావా?"

"పూర్తిగా కట్టలేదక్కా, తగ్గించాను."

"చంపదలుచుకుంటే ఒక్క దెబ్బతో చంపాల్సింది. ఊపిరి తగ్గించి తగ్గించి చంపుతావా? పైగా నా కళ్లు పోయాయన్నావు! నాకు కళ్లజోడు కూడా ఏరి పెట్టావు కదరా!"

"కళ్ల సంగతి డాక్టరే చెప్పాడు..."

"డాక్టరు కళ్ల గురించి చెప్పాడు. చేతి గురించి చెప్పింది నువ్వు." ఆమె అరచెయ్యి చాపి చూపించింది. "నా చెయ్యి మొద్దుబారిందని నేను ఏడుస్తుంటే పక్కనే కూర్చుని టీ తాగావు."

ఆమె సోఫాలోంచి లేచింది.

"ఫోను తియ్యి. అన్నీ పూర్తిగా తిప్పు."

"ఒక్కసారిగా వద్దక్కా. రాయి వెనక నీకు కనపడని పంపు చాలా రోజులుగా ఆగే ఉంది. కొంచెం కొంచెంగా..."

అది ఆమె నేర్పిన పాఠమే. ఆగిన నీటిని ఒక్కపెట్టున కదిలించకూడదని ఎంతోమందికి చెప్పిన మనిషే. కాని ఆ క్షణంలో ఆమె చెవికి పాఠాలు ఎక్కలేదు. "తిప్పమంటున్నానా!" అని అరిచింది. హాల్లో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

అతను వేలు కదిపాడు. రాయి వెనక పంపు ఒక్క ఊపున లేచింది. దాని చుట్టూ పేరుకున్న మడ్డంతా లేచింది. బూడిదరంగు మేఘం రాళ్ల మీదుగా పొర్లి, కొమ్మల్లోకి దూరి, చూస్తుండగానే ట్యాంకంతా కడుగునీళ్లలా అయిపోయింది. చేపలు కనపడలేదు, పగడాలు కనపడలేదు. ఒక పిల్ల ఏడుపు అందుకుంది.

ఇద్దరూ ఒకేసారి ట్యాంకు దగ్గరికి పరిగెత్తారు. ఆమె పంపుల తీగ పీకింది. అతను గొట్టం తెచ్చి, నోటితో పీల్చి ధార పట్టి, ఉప్పునీళ్లు పక్కకు ఉమ్మాడు. ఆమె గొట్టం మూతిని రాళ్ల మీద జరుపుతూ మడ్డి లాగింది. అతను బకెట్లు మోశాడు. ఒకరితో ఒకరు మాట్లాడలేదు. మాటతో పనిలేకుండా ఆ చేతులు ఒకదానికొకటి అందించుకున్నాయి. అంతసేపూ చూస్తున్నవాళ్లెవరికైనా, ఒక కడుపున పుట్టిన ఇద్దరు ఎంత పొందికగా పనిచేస్తున్నారో అనిపించి ఉంటుంది.

మేనేజరు గబగబా వచ్చాడు. "ఏమిటిది? హాలంతా నీళ్లు! ఎవరు చేశారీ పని?"

తమ్ముడు భుజం దాకా తడిసి నిలబడి ఉన్నాడు. "అక్క చెయ్యి తడబడింది సార్. పెద్దావిడ కదా" అన్నాడు.

సుడులమ్మ చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. నీళ్లు కట్టేశాడని తెలిసినప్పుడు కూడా ఆమెకు అంత దెబ్బ తగల్లేదు. ఆ మాట అతని నోట్లోంచి ఎంత నున్నగా వచ్చింది! తడుముకోలేదు, తొట్రుపడలేదు. అంత అలవాటుగా రావాలంటే ఎన్నిసార్లు అని ఉండాలి?

"పర్వాలేదులెండమ్మా" అన్నాడు మేనేజరు జాలిగా. "మీ తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. మీరింక ఇంట్లో హాయిగా ఉండండి."

ఆమె దగ్గర సాక్ష్యం ఉంది. సన్నగా సాగిన ఆ చివుళ్లు చూపించవచ్చు, ఊడ్చే ఆవిణ్ణి పిలిచి చెప్పించవచ్చు. మోటార్ల బజారులో మగవాళ్ల నోళ్లు మూయించిన మనిషికి ఆ మేనేజరు ఒక లెక్కా? కాని సొంత తమ్ముణ్ణి అబద్ధాలకోరుగా పదిమందిలో నిలబెట్టడానికి ఆమెకు నోరు రాలేదు. అతనికి మాత్రం ఎంత సులువుగా వచ్చింది!

"ఆ కొమ్మ నాకిచ్చెయ్యండయ్యా" అంది.

"పోయిందేమో కదమ్మా?"

"సగం ఉంది."

మేనేజరు తీసుకోమన్నాడు. రాతితో సహా పెకలించి, తేరుకున్న నీళ్లు ముంచి బకెట్లో పెట్టుకుంది. తమ్ముడు బకెట్టు అందుకోబోయాడు. "బండిలో దింపుతానక్కా." ఆమె బకెట్టును రెండో చేతికి మార్చుకుని బస్సు ఎక్కింది.

బస్సులో బకెట్టు కాళ్ల మధ్య పెట్టుకుని, చెయ్యి నీళ్లలో ముంచి, కాసేపు ఇటూ కాసేపు అటూ ఆడిస్తూ కూర్చుంది. పక్క సీటామె వంగి చూసింది.

"ఏముందండీ, చేపా?"

"పగడం."

"మరి ఆ కలపడం ఎందుకు?"

"ఊపిరాడాలి కదమ్మా."

"ఇల్లు చేరేదాకా కలుపుతూనే ఉంటారా?"

"ఆపితే ఎవరు కలుపుతారు?" అంది సుడులమ్మ.

ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి ఎప్పుడూ నింపే ఉంటుంది. కొమ్మను అందులో దింపింది. అప్పుడు గుర్తొచ్చింది, కలిపే పంపు ఇంట్లో లేదని. మళ్లీ చెయ్యే ముంచింది. ఆమెతోనే ఉంటున్న కూతురు ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి తల్లి భుజం కట్టెలా బిగుసుకుపోయి ఉంది. కూతురు చెప్పులైనా విప్పకుండా కథంతా విని, తల్లిని లేపి తాను కూర్చుని తిప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఎంతసేపని ఇలా? దుకాణాలు మూసే వేళైంది. మావయ్య దగ్గర ఉంటుందిగా పాత పంపు."

"వాడి పేరెత్తకు."

"పేరెత్తనులే. పంపు ఎత్తుకురమ్మంటాను."

మామూలు రోజైతే ఆమె పకపకా నవ్వేది. తొట్టిలోకి చూసింది. కొమ్మకు మిగిలిన సగంలో ఒకచోట నూగు పైకి లేచి ఉంది. కూతురి చెయ్యి ఆగినప్పుడల్లా అది వాలిపోతోంది.

"ఫోను ఇటివ్వు. నేనే చెబుతాను."

తమ్ముడు మొదటి మోతకే ఎత్తాడు. "అక్కా..."

"పాత పంపు కావాలి. మీట ఉన్నది. ఉందా, తుక్కులో వేశావా?"

"ఉందక్కా. ఇప్పుడే తెస్తా."

"తెచ్చి గుమ్మం దగ్గర ఆగు."

తెచ్చాడు. ఉప్పు పట్టిన చోటల్లా తుడిచి మరీ తెచ్చాడు. ఆమె తలుపు సగమే తీసి చెయ్యి చాపింది. అతను పంపు పూర్తిగా వదల్లేదు.

"అక్కా, ఆ మాట... మేనేజరు అడిగేసరికి నోట్లోంచి వచ్చేసింది."

"అయితే రేపు వెళ్లి ఎవరి చెయ్యి ఏం చేసిందో చెప్పు."

అతను గడప వైపు చూశాడు. "చెబితే ఆ పని పోతుందక్కా. పిల్లలున్నారు."

"అయితే చెప్పకు." ఆమె పంపు లాక్కుంది. "నేను పెంచినవాడు అబద్ధమాడడనుకున్నాను. నిన్ను పెంచానన్న మాట ఇంకెవరికీ గొప్పగా చెప్పుకోనులే."

తలుపు మూసి లోపలికి వచ్చింది. పంపును తొట్టి గోడకు ఆనించి, ధార ఎదురు గోడకు తగిలి విరిగేలా మూతి తిప్పింది. కూతురు కిటికీలోంచి చూసింది.

"మావయ్య ఇంకా మెట్ల మీదే ఉన్నాడమ్మా. పిలవనా?"

"వద్దు. పంపు సమంగా తిరిగిన చప్పుడు వినకుండా కదలడు. నేనే నేర్పాను."

మీట నొక్కింది. పంపు ఒకసారి గరగరమని, తర్వాత ఒకే తీరున పాడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒక్కొక్కటిగా కిందికి దిగిపోయింది. సుడులమ్మ తల తిప్పలేదు. రాయి వెనక అరచెయ్యి పెట్టి, నీరు అక్కడి దాకా వస్తోందో లేదో చూసుకుంటోంది.